ఉప్పుటేరు మీద అరటిబోదె

ఏలూరులో ఒక మిషన్ హైస్కూల్లో చాలా ఏళ్ళు సైన్సు చెప్పిన టీచరుగారు గత నెలలో కన్నుమూశారు. ఆమె గురించి ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. చర్చి హాల్లో జరిగిన సంతాపసభలో ఆమెను రెండు రకాలుగా పొగిడారు. పిల్లలను వెంటబెట్టుకుని ఆమె కొల్లేరును కాపాడారని కొందరు అన్నారు. పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ నేర్పారని మరికొందరు అన్నారు. మొదటిది నిజం కాదు. రెండవది నిజమే కాని, ఆమె చేసిన పని అంతకంటే కష్టమైనది. ఆ సభలో ఆమే ఉండి ఉంటే లేచి నిలబడి, ఎవరినీ నొప్పించకుండా రెండు మాటలనూ సరిదిద్దేవారు. ఆమె లేరు కనుక, మనుషులు చెప్పుకునే కథ గట్టిపడిపోయేలోగా, నాకు తెలిసినంత మేరకు రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నేను ఆమె దగ్గర చదువుకున్నవాణ్ణి కాను. తాడేపల్లిగూడెంలో మట్టి, నీరు పరీక్ష చేసే ఒక చిన్న ప్రయోగశాలలో నా ఉద్యోగం. కబురు వచ్చినప్పుడు బల్ల దగ్గరే ఉన్నాను. ఒక బావి నీటిలో ఉప్పు ఎంతుందో చూస్తున్నాను. ఆ పరీక్ష ఆమె పిల్లలందరికీ తెలిసినదే. నీటిలో పసుపురంగు మందు కలిపి, పైనున్న గాజుగొట్టం నుంచి మరో మందును చుక్కచుక్కగా వదులుతారు. ప్రతి చుక్కకూ నీరు ఎర్రబారి మళ్ళీ పసుపుకు తిరుగుతుంది. ఒక చుక్క దగ్గర మాత్రం ఇటుకరంగు వచ్చి నిలిచిపోతుంది. అంతవరకు పట్టిన మందును బట్టి ఉప్పు తెలుస్తుంది. ఫోన్ చేసినది టీచరుగారి పాత విద్యార్థిని. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న అమ్మాయి. "సార్, టీచరుగారు లేరండీ," అంది. ఫోన్ పెట్టేశాను. చూసేసరికి గాజుగొట్టం కుళాయి తెరిచే ఉంది, నీళ్ళు ఎప్పుడో ఎర్రగా అయిపోయాయి. ఆ నీటిని పారబోసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఏడెనిమిదేళ్ళ క్రితం ఒకరోజు ఆమె మా ప్రయోగశాలకు మొదటిసారి వచ్చారు. ఏలూరు నుంచి పాసింజరు రైల్లో దిగి, తీగబుట్టలో సీసాలు సర్దుకుని, ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలతో గుమ్మంలో నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చేతిగడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు ఉండేట్టు పెట్టుకునేవారు.

"ఏవండీ, చిన్న సాయం కావాలండి. ఇవి మా పిల్లలు ఉప్పుటేరులో పట్టిన నీళ్ళు. మేం స్కూల్లో పరీక్ష చేశాం. మీరూ ఒకసారి చూడాలి. మీకెంత వచ్చిందో మాత్రం ముందే చెప్పకండి. మా వాళ్ళు చెప్పాక చెప్పండి."

"అలాగేనండి. తేడా వస్తే?"

"తేడా వస్తేనే కదండీ మేం రైలెక్కి వచ్చినందుకు ఫలితం," అన్నారు.

తేడా వచ్చింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఆమె వాళ్ళను కూర్చోబెట్టి, నీరు కొలిచిన దగ్గర నుంచి చుక్క ఆపిన క్షణం దాకా ఏ మెట్టు దగ్గర తడబడ్డారో వాళ్ళ చేతనే వెతికించారు. తాము గాజుగొట్టాన్ని పైనుంచి చూశామని, కంటికి ఎదురుగా పెట్టుకుని చూడలేదని ఒక పిల్లవాడు కనిపెట్టాడు. ఆమె ముఖంలో ఆ సంతోషం నేను మరిచిపోలేదు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "మిమ్మల్ని ఇంకా చాలాసార్లు ఇబ్బంది పెడతామండీ," అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు.

ఉప్పుటేరు ఎరగని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. కొల్లేరులోకి వచ్చి పడే ఏరులూ, కాలువలూ, మురుగుకాలువలూ చాలా ఉన్నాయి. కొల్లేరు నుంచి సముద్రానికి నీరు వెళ్ళే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలంలో ఏరు సముద్రం వైపు పారుతుంది. ఎండాకాలంలో సరస్సు మట్టం తగ్గి, సముద్రానికి పోటు వచ్చినప్పుడు, అదే ఏరు వెనక్కి తిరిగి ఉప్పునీటిని పైకి మోసుకొస్తుంది. ఆ ఉప్పు ఎంత దూరం వస్తోంది, ఏటేటా మరికాస్త పైకి జరుగుతోందా అన్నది ఆమె పిల్లలకు పెట్టిన ప్రశ్న. భూమి వేడెక్కుతోందనీ, సముద్రం పెరుగుతోందనీ పత్రికల్లో అప్పుడప్పుడే తరచుగా వస్తున్న రోజులవి. కొన్ని బడుల్లో పిల్లల చేత నినాదాలు రాయించి ఊరేగింపులు తీసేవారు. ఈమె పిల్లలు రెండో శనివారం సెలవురోజున బస్సెక్కి ఉప్పుటేరు వంతెన మీదకు వెళ్ళేవారు.

అలా ఎందుకని ఒకసారి అడిగాను. "పిల్లల చేతికి భయం ఇస్తే ఎంతసేపని పట్టుకుంటారండీ? సీసా ఇస్తే పట్టుకుంటారు," అన్నారు.

వంతెన దగ్గర ఆమె పద్ధతి ఒకటుండేది. నీరు ఎటు పారుతోందో, ఎంత వేగంతో పారుతోందో చూడటానికి జానెడు పొడవున కోసిన అరటిబోదె ముక్కను ఏట్లో వేసేవారు. బరువుకు సగం మునిగి, సగం తేలి, గాలికి కొట్టుకుపోకుండా నీటితోనే వెళ్తుందది. వేసే ముందు ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ అది ఎటు వెళ్తుందో గట్టిగా పైకి చెప్పాలి. ఎవరూ తప్పించుకోకూడదు. ఆ తరువాత బోదె వేస్తారు. ఇంటి నుంచి ఇడ్లీలు తెచ్చేవారు. తప్పు చెప్పినవాళ్ళకు ముందు పెట్టేవారు.

"తప్పు చెప్పినవాళ్ళకేనా టీచర్, మరి మేమో?" అని సరిగ్గా చెప్పినవాళ్ళు గొణిగేవారు.

"మీకు కడుపు నిండిపోయింది కదర్రా, గెలిచామని. వాళ్ళకే ఆకలి."

ఇడ్లీల కోసం కావాలనే తప్పు చెప్పే గడుగ్గాయిలు కూడా తయారయ్యారు. ఆమె వాళ్ళను గుర్తుపట్టి ఆ పూట వంతెన అవతలి కొస నుంచి బుట్ట మోయించేవారు. తప్పు చెప్పడం సిగ్గుపడవలసిన విషయం కాదని, తప్పని తెలిశాక ఊరుకోవడమే సిగ్గుచేటని ఆమె ఉపన్యాసంగా ఎన్నడూ చెప్పలేదు. ఇడ్లీలతోనే చెప్పారు. ఆ పద్ధతికి అసలు పరీక్ష తరువాత వచ్చింది.

కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తెగ్గొడుతున్న ఏడు అది. ఆ రోజులు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. సరస్సు పూడిపోతోందని, నీటి దారులు మూసుకుపోయాయని, గట్లు తీసెయ్యాలని ఒక వైపు. మా నోటి కూడు తీస్తున్నారని ఇంకో వైపు. బస్సుల్లో, కిళ్ళీ బడ్ల దగ్గర, పెళ్ళి పందిళ్ళలో అదే మాట. టీచరుగారి బృందంలో రెండు వైపుల ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. నాకు ఫోన్ చేసిన అమ్మాయి అప్పటికి పదో తరగతి. ఏలూరులో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ అమ్మాయి తండ్రికి కొల్లేటి లోపల ఒక చేపల చెరువులో వాటా ఉండేది. ఆ కుటుంబానికి అదే ఆధారం.

ఆ సంవత్సరం ఏరు దాటి సరస్సు లోపల కూడా నీళ్ళు పట్టాలనుకున్నారు. స్కూలు సీసాలు చాలలేదు. ఇంటి దగ్గర ఖాళీ గాజుసీసాలుంటే శుభ్రంగా కడిగి తెమ్మని టీచరుగారు పిల్లలకు చెప్పారు. తెచ్చారు. సరస్సులో దోనె మీద వెళ్ళి తలా ఒక చోట నీళ్ళు పట్టారు. వాటిలో ఒక సీసాలో, చెరువుల గట్ల పక్కన పట్టిన నీటిలో, ఎవరూ ఊహించనంత ఉప్పు వచ్చింది. సముద్రపు నీరు అంత లోపలికి వచ్చేసిందన్నమాట. గట్లు అడ్డంపడి పైనుంచి వచ్చే మంచినీటిని ఆపడం వల్లనే ఇలా జరిగిందని పిల్లలే ఒక కారణం కూడా అల్లారు. కారణం వినడానికి బాగానే ఉంది.

సరిగ్గా అప్పుడే వట్లూరు వైపు కాలేజీల విద్యార్థులు కొందరు కలిసి ఏలూరులో వాతావరణ మార్పు మీద ఒక సభ పెట్టారు. హైస్కూలు పిల్లలను కూడా మాట్లాడమన్నారు. నా దగ్గరకు సీసాలు తెచ్చి సరిచూసుకునే వ్యవధి లేకపోయింది. పిల్లల ఉత్సాహం చూసి ఆమె సరేనన్నారు. ఒక అబ్బాయి వేదికెక్కి ఆ సంఖ్య చదివాడు. హాలంతా చప్పట్లు. మరునాడు పత్రిక జిల్లా పేజీలో కొల్లేటిలోకి సముద్రం వచ్చిందని పెద్ద అక్షరాల్లో వేశారు. గట్ల పక్కన అని కూడా వేశారు.

సెలవుకు ఊరు వెళ్ళిన ఆ అమ్మాయిని వాళ్ళ వీధిలో మగవాళ్ళు ఆటపట్టించారట. "ఏమ్మా, సముద్రం మీ దొడ్డిదాకా వచ్చిందంటగా. అలలు వినబడుతున్నాయా?" అని ఒకరు. "రొయ్యలు కూడా వస్తే చెప్పమ్మా, మీ నాన్న చెరువులో వేద్దాం," అని ఇంకొకరు. తండ్రి మాత్రం ఒక్క మాటా అనలేదట.

తరువాతి రెండో శనివారం అదే చోటికి వెళ్ళి, ఈసారి స్కూలు సీసాలోనే నీళ్ళు పట్టారు. ఉప్పు ఈసారి పక్క చోట్లలో వచ్చినంతే, కొద్దిగానే వచ్చింది. ఆ తరువాత జరిగింది నేను చూడలేదు, ఆ అమ్మాయే చెప్పింది. టీచరుగారు స్కూలు ల్యాబులో సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టించి, ఏ సీసాతో ఏ నీళ్ళు పట్టారో చెప్పించారు. ఎక్కువ ఉప్పు వచ్చిన సీసా ఆ అమ్మాయి తెచ్చినదే. ఆ అమ్మాయి దాని మూత తీసి, లోపలి అట్టబిళ్ళను గోటితో లేపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"టీచర్, ఇది మా నాయనమ్మ ఆవకాయ సీసా అండి. సీసా కడిగాను. మూతలో అట్ట తియ్యలేదు."

వెనకనుంచి ఒక అబ్బాయి, "ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చిందేం. మీ నాన్న చెరువు కదా," అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఆ అమ్మాయి పరిస్థితి అంతా ఉంది. చెప్పకపోతే తన ఇంటి సీసా తన ఇంటినే ముంచుతుంది. చెబితే తండ్రి కోసం అబద్ధమాడిందంటారు. పదిహేనేళ్ళ పిల్లకు అంతకన్నా కష్టమైన లెక్క ఎవరూ ఇవ్వలేరు. అది తెలిసే చెప్పింది.

టీచరుగారు ఆ అబ్బాయిని కోప్పడలేదట. "ఇలా రా నాన్నా. నువ్వూ వాసన చూడు," అన్నారు. వాడు చూశాడు. తరువాత ఒక్కొక్కరి చేతా చూపించారు. సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోయించి, అదే మూత పెట్టించి, బస్సులో కుదిపినట్టు కాసేపు ఊపించి, పరీక్షకు పెట్టారు. గాజుగొట్టం దగ్గర ఆ అబ్బాయినే నిలబెట్టారు. "నువ్వే వెయ్యి. నీ చేత్తోనే." ఉప్పు లేని నీళ్ళలో మొదటి చుక్కకే ఇటుకరంగు నిలవాలి. చుక్క తరువాత చుక్క పడుతూనే ఉంది, రంగు నిలవడం లేదు. ఆ అబ్బాయి తల ఎత్తకుండా వేస్తూనే ఉన్నాడట. చివరికి కుళాయి కట్టేసి, ఆ అమ్మాయి వైపు తిరిగి, "నీ సీసాయే," అని మాత్రం అన్నాడట.

ఆ వారంలోనే ఆమె నా దగ్గరకు వచ్చారు. తీగబుట్టలో ఈసారి ఒకే సీసా ఉంది. "వాసన చూడండి," అన్నారు. చూశాను. నవ్వు రాబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయింది. "సీసాలు అడిగింది నేనండీ. మూత తీసి చూడనిదీ నేనే. మీ దగ్గరకు రాకుండా చదివించిందీ నేనే. పిల్లలది ఇందులో ఏమీ లేదు," అన్నారు.

విద్యార్థుల తరువాతి సభకు ఆమె వెళ్ళారు, నన్నూ రమ్మన్నారు. పిల్లలను వేదిక ఎక్కనివ్వలేదు. చప్పట్లప్పుడు వాళ్ళను ఎక్కించాను, ఇప్పుడు నేను ఎక్కుతాను అన్నారు. మేం చదివిన సంఖ్య తప్పు, అది సముద్రపు ఉప్పు కాదు, ఆవకాయ ఉప్పు అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. హాలు నవ్వింది. ఆమె నవ్వు ఆగేదాకా ఓపికగా నిలబడ్డారు. ఇంజనీరింగు చదివే ఒక కుర్రవాడు లేచాడు. మంచివాడే, ఆవేశం కలవాడు.

"మేడం, సముద్రం రావడం మాత్రం నిజమే కదండీ. ఇవాళ కాకపోతే రేపు. సీసా ఏదైతే ఏంటండి? ఇప్పుడు ఇలా చెబితే జనం దేన్నీ నమ్మరు."

"నిజమైతే మంచి సీసాలో కూడా వస్తుంది బాబూ. అప్పటిదాకా ఆగుదాం."

"ఆగే టైముందాండి మనకి?"

"లేకపోవచ్చు," అన్నారు ఆమె. "అందుకే తప్పుల మీద పాడుచెయ్యకూడదు. మీరూ రండి రెండో శనివారం. మాకు సీసాలు పట్టేవాళ్ళు చాలట్లేదు."

ఆ కుర్రవాడు వచ్చాడు. ఒకసారి కాదు, ఉద్యోగం వచ్చి వెళ్ళేదాకా వచ్చాడు. పత్రికలో మాత్రం దిద్దుబాటు ఎక్కడో అడుగున, ఎవరి కంటా పడని చోట వచ్చింది. స్కూలు నడిపేవాళ్ళలో ఒక పెద్దాయన ఆమెను పిలిచి, "ఈ ఉప్పులూ నీళ్ళూ మనకెందుకండీ టీచరుగారూ, హాయిగా మొక్కలు నాటించండి," అన్నారట. "నాటుతామండి. ఎన్ని బతికాయో కూడా చూస్తాం," అని ఈమె జవాబు.

గట్లు తెగాయి. పిల్లల సంఖ్యను బట్టి కాదు, దాన్ని వెనక్కి తీసుకున్నందువల్ల ఆగనూ లేదు. ఆ నిర్ణయాలు జరిగిన చోట్లకు స్కూలు సీసాలు చేరవు. ఇది నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే సంతాపసభలో ఒకరు దీన్ని వేరే రకంగా చెప్పారు. ఆ అమ్మాయి తండ్రి చెరువు కూడా పోయింది. పరీక్షలు దగ్గర పడుతుండగా అమ్మాయి హాస్టలుకు తిరిగి రాలేదు. టీచరుగారు వాళ్ళ ఊరు బయల్దేరారు. ఆయన లెక్కలేమైనా అడిగితే చెప్పడానికని నన్ను తోడు రమ్మన్నారు.

తండ్రి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, కుర్చీలు వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆ తరువాతే మాట్లాడాడు. మర్యాదలో లోటు రానివ్వలేదు. మాటలో మాత్రం పదును ఉంది.

"సీసాలో తప్పుందని మీటింగులో చెప్పారంటండి, విన్నాం. ఆయ్, మంచిదేనండి. మా గట్టు మళ్ళీ వేయిస్తారా మరి?"

"వేయించలేనండి."

"పోనీ, ఆ గట్టు తెగడం అన్యాయమని అంటారా?"

"అనలేనండి. తెగాలనే నేను అనుకున్నాను. మీ ఇంట్లో కూర్చుని వేరే మాట చెప్పను," అన్నారు టీచరుగారు. "అమ్మాయిని పరీక్షలకు పంపమని అడగడానికి వచ్చాను."

"మీ చదువు వల్లే కదండీ ఇదంతా."

తలుపు చాటు నుంచి ఆ అమ్మాయి నాయనమ్మ ముందుకొచ్చింది. "ఏవండీ టీచరమ్మగారూ, నా ఆవకాయ గురించి మీటింగులో చెప్పారంటగా. ఉందన్నారు సరే, బాగుందో లేదో చెప్పారా?"

కొడుకు, "అమ్మా, నువ్వూరుకో," అన్నాడు. ఆమె ఊరుకోలేదు. భోజనం చేయనిదే కదలనివ్వనంది. ఆకుల్లో వేడన్నం, ఆ ఆవకాయ. టీచరుగారు కలుపుకుని తిన్నారు.

"ఉప్పు సరిపోయిందాండి?"

"సరిపోయిందండి. దీనికి కొలత అక్కర్లేదు."

అప్పుడు ఆ తండ్రి నవ్వలేదు గాని తల దించుకుని, వల పక్కన పెట్టి, "పరీక్షలు రాయించండి. ఆ తరవాత మేం ఉండి అనే ఊరికి వెళ్ళిపోతాం. ఒకళ్ళ చెరువు మీద పని దొరికింది," అన్నాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు. తెగిన గట్ల మధ్య నీరు పలుచగా పరుచుకుని ఉంది. గూడబాతులు దిగుతున్నాయి. చూడటానికి అందంగానే ఉందని నేను అన్నాను. ఆమె, "గట్లు తెగాలని ఇప్పటికీ అనుకుంటున్నానండీ. కానీ ఆ పిల్ల అన్నం ఆ గట్టు మీదనుంచే నడిచి వచ్చేదని నేను లెక్కలో వెయ్యలేదు. సరస్సు కావాలి, ఆ పిల్లా కావాలి. రెండూ కావాలనేవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు," అన్నారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అమ్మాయి పదో తరగతి గట్టెక్కి ఉండికి వెళ్ళిపోయింది. ఇక ఆ పిల్ల సీసా ముట్టుకోదనే మేమందరం అనుకున్నాం. కొంతకాలానికి టీచరుగారు ఒక కొత్త సీసా కొని, మూతలో అట్ట లేకుండా చూసి, బస్సు కండక్టరు చేతికిచ్చి ఉండికి పంపించారు. లోపల ఏ చీటీ లేదు. ఏమీ అడగలేదు. కొన్నాళ్ళపాటు ఏమీ రాలేదు కూడా. ఒక సాయంకాలం ఏలూరు బస్టాండు నుంచి కబురు వచ్చింది, మీకో పార్సిలుందని. అదే సీసా, ఉండిలోని మురుగుకాలువ నీళ్ళతో నిండి ఉంది. మూత మీద దారంతో కట్టిన చిన్న కాగితంలో ఎక్కడ పట్టిందో, పోటు సమయమో కాదో రాసి, చివర 'మూత వాసన చూశానండి' అని ఉంది. ఆమె ఆ సీసా పట్టుకుని మరునాడే పాసింజరు రైలెక్కి నా దగ్గరకు వచ్చారు. పరీక్ష చేసే ముందు ఆ మాట నాకు చదివి వినిపించారు. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలమూ ఉండి నుంచి సీసాలు వస్తూనే ఉన్నాయి.

ఆమె ఉద్యోగ విరమణ చేశాక కూడా రెండో శనివారాలు ఆగలేదు. వట్లూరులోని ఇంటికి వచ్చి పిల్లలు ఆమెను తీసుకువెళ్ళేవారు. జబ్బు ముదిరాక వెళ్ళలేకపోయారు. ఈ ఎండాకాలం నేను చూడటానికి వెళ్ళినప్పుడు మంచం మీద పడుకుని ఉన్నారు. గడియారం అలాగే మణికట్టు లోపలివైపుకు ఉంది, చేయి సన్నబడి వదులై జారుతోంది. నా ఆరోగ్యం అడిగారు, నా పిల్లల చదువులు అడిగారు. తరువాత, "ఈసారి ఎంతొచ్చిందండీ?" అన్నారు.

చెప్పాను. ఉప్పు కిందటి ఏడు కంటే ఎక్కువగా, పైదాకా వచ్చింది. శుభ్రమైన సీసాల్లో, రెండు చోట్ల చేసిన పరీక్షల్లో ఒకే రకంగా వచ్చింది.

ఆమె కళ్ళు మూసుకున్నారు. సంతోషించవలసిన ఫలితం కాదది. "ఎందుకంటారు?"

"చెప్పలేమండి. సముద్రం పెరగడం కావచ్చు. పైనుంచి మంచినీరు తక్కువ రావడం కావచ్చు. వానలు తప్పిన ఏడు కూడా ఇది."

"పిల్లలకు అలాగే చెప్పండి. నా తరవాత ఎవరైనా గట్టిగా ఒకే కారణం చెబుతుంటే, మీరు వెళ్ళి అడ్డం పడండి. మెత్తగానే," అన్నారు. ఆ వెంటనే, "వాళ్ళకి ఇడ్లీలు ఎవరు పెడుతున్నారు?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆ జవాబు ఆమెకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

సమాధి దగ్గర పాత బ్యాచ్‌ల పిల్లలు చాలామంది నిలబడ్డారు. కొందరు పాడారు, కొందరికి పాట రాలేదు. ఆ అమ్మాయి తండ్రి ఉండి నుంచి వచ్చి, గేటు పక్కన చెప్పులు విడిచి నిలుచున్నాడు. నన్ను చూసి చేతులు జోడించాడు.

తరువాత వచ్చిన రెండో శనివారం నేను ఉప్పుటేరు వంతెన మీదకు వెళ్ళాను. ఇప్పటి బృందంలో పిల్లలు కొద్దిమందే వచ్చారు. ఆ అమ్మాయి ఉండి నుంచి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా ఉంది. బోదె కోసి సిద్ధంగా ఉంచారు గాని ఎవరూ వెయ్యడం లేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అడగవలసిన ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. చివరకు ఆ అమ్మాయి, "చెప్పండి. ఎటు వెళ్తుంది?" అంది. సముద్రం వైపని కొందరు, కొల్లేటి వైపని కొందరు అన్నారు. బోదె వేశారు.

అది పోటుకూ పాటుకూ మధ్య, నీరు ఎటూ పారని వేళ. బోదె పడిన చోటే సగం మునిగి, సగం తేలి నిలబడింది. "ఆగిపోయిందండీ," అన్నాడు ఒక చిన్నవాడు. "ఆగలేదు. చూస్తూ ఉండు," అంది ఆ అమ్మాయి. ఎవరు తప్పు చెప్పారో తేలలేదు కనుక, డబ్బా మూత తియ్యకుండా పట్టుకునే నిలబడింది. మేమందరం రెయిలింగు మీదకు వంగి చూస్తూ ఉన్నాం. బోదె మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది.

ఈ ఏడు ఉప్పు ఎక్కువ పైకి వచ్చింది. ఎందుకో మాకు ఇంకా తెలియదు. తెలియాలంటే ఇంకా చాలా ఎండాకాలాలు కొలవాలి. అన్నాళ్ళూ ఈ పిల్లలను ఇక్కడికి ఎవరు తీసుకువస్తారో కూడా ఇంకా తెలియదు.